నాయనమ్మ చెప్పిన పురుగు

సిరిసిల్లలో నక్సలైట్ల కోసం ఇళ్లు సోదా చేస్తున్న రోజులవి. నేను జువాలజీ విద్యార్థినిని. దొరికిన జెర్రిపోతు పిల్ల కోసం పాత చేపల తొట్టిలో ఇసుక పోసి, దాక్కోవడానికి గూనపెంకు పెట్టి, వెచ్చదనానికి బల్బు వేలాడదీసి, జాలీ మూత బిగించాను.

మా ఇంటి సోదాలో ఆ బల్బు వైరు చూడగానే బాంబనుకుని, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ తుపాకీ ఎత్తాడు. "ఏముంది అందులో?"

నేను చెప్పేలోపే పాము పేరు నోట పలకని నాయనమ్మే చెప్పింది. "పురుగు సారూ. మా పిల్ల సాదుకుంటాంది."

"పురుక్కి ఇంత హంగామానా?" అని నవ్వుతూ మూత తీసి, పెంకు ఎత్తాడు.

మరుక్షణం తుపాకీ నేల మీద, ఆయన మా మగ్గం మీద! "పామని చెప్పరేం?"

"గట్ల పేరు వెట్టి పిలువద్దు సారూ, ఇంకోటి అస్తది!" అని నాయనమ్మ ఆయన్నే కసిరింది.

తర్వాతిసారి సోదాకొచ్చి ఆయన గడప బయటే ఆగాడు. "అమ్మా, పురుగు లోపలే ఉందా?"

మా మాట అంత తొందరగా నేర్చుకున్న కోస్తా మనిషిని నేను మళ్లీ చూడలేదు.