పైకప్పుకి బెల్లం

ఈ కథలో ఒక పైకప్పు కూలుతుంది. ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ గుండెలు పట్టుకోవద్దు. దాన్ని కూల్చింది తుఫాను కాదు, భూకంపం కాదు. కెమిస్ట్రీతో బి.ఎస్సీ. ప్యాసై, ఆరు నెలల పిల్లవాడికి తల్లినై, లోకంలో నాకు తెలియనిది లేదనుకుంటున్న నేను.

అప్పుడు మేము ఏలూరులో ఒక పాత మిద్దె ఇల్లు కొనుక్కుని కొత్తగా చేరాం. దాన్ని కట్టించిన ఆసామికి ఏం సరదా పుట్టిందో, పడకగది పైకప్పుకి తడిసున్నం చిమ్మించి, కప్పంతా బొడిపెలు బొడిపెలుగా చేయించాడు. వెల్లకిలా పడుకుంటే పెద్ద పనసకాయ కింద కాపురం చేస్తున్నట్టుండేది. దానిమీద ఏటేటా వేసిన వెల్ల పొరలు కట్టి, పెచ్చులై రాలుతుండేది. హైస్కూల్లో చరిత్ర చెప్పే మా వారు ఒకరోజు కాఫీ తాగి, “ఇవాళ పంచదార సరిగ్గా కరగలేదోయ్” అన్నారు. అది పంచదార కాదని నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి.

కానీ ఒక మధ్యాహ్నం రూపాయి బిళ్ళంత పెచ్చు ఉయ్యాలలో, బాబు చెవి పక్కన పడింది. ఇక నాకు తిండి లేదు, నిద్ర లేదు. ఉయ్యాలకి గొడుగు కట్టాను. పిల్లవాడు పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికొడుకులా గొడుగు కింద ఊగుతుండేవాడు.

ఈ సంగతి మా వారు వాళ్ళమ్మగారికి ఉత్తరం రాసేశారు. మూడోనాటికి గణపవరం నుంచి జవాబు వచ్చింది. “ఆదివారం వస్తున్నాను. కప్పు బాగయ్యేదాకా పిల్లవాణ్ణి నా దగ్గర ఉంచుకుంటాను. కోడలికి ఆ ఇల్లు వదలాలని లేకపోతే ఉండవచ్చు.”

నా బాబుని నా దగ్గర నుంచి తీసుకుపోవడమా! ఆ ఉత్తరం చేత్తో పట్టుకునే తాపీమేస్త్రి వీర్రాజు దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే మా కప్పు పూతకని గానుగలో ఆడించిన సున్నం పెరట్లో పోసి, తడిగోనెలు కప్పి ఉంచాడతను.

“ఆదివారం లోపల పూత అయిపోవాలి మేస్త్రీ!”

“ఎలాగవుద్దండీ అమ్మగారూ? పొద్దున్నే గూడెం పనికెళ్తన్నానండి. ఆదివారం మధ్యాన్నానికి వస్తానండి. వచ్చాక ముందు ఆ బొడిపెలన్నీ ఉలెట్టి కొట్టాలండి. అదే మూడ్రోజుల పనండి.”

“కొట్టకుండా పైన పూసేస్తే?”

“పట్టదండి.”

“పట్టడానికేగా బెల్లం కలుపుతారు?”

“కలుపుతామండి. కరక్కాయలు నానేసిన నీళ్ళలో కాసింత బెల్లమండి. కాసింతేనండి.”

ఆ చివరి మాట రెండుసార్లు చెప్పాడు. నేను ఒక్కసారి కూడా వినలేదు.

కాసింత బెల్లానికే కోటలు నిలబడితే, కుండెడు బెల్లానికి మా పడకగది నిలబడదా? చూశారా తర్కం! అత్తగారు పంపిన బెల్లం కుండ మొత్తం కరిగించి సున్నంలో కుమ్మరించాను. మా వారు వాసన పట్టి పెరట్లోకి వచ్చారు.

“ఏమిటిది? పైకప్పుకి పాకం పడుతున్నావా?”

“ఇది సైన్సండీ. మీకు తెలియదు. కోటలన్నీ ఇలాగే కట్టారు.”

“నేను పాఠం చెప్పే కోటలన్నీ చివరికి కూలినవేనే!”

“ముందు ఆ బల్ల పట్టుకోండి.”

పిల్లవాణ్ణి పక్కింటి టీచరమ్మగారికి అప్పగించి, బల్ల మీద ముక్కాలిపీట వేసుకుని, సున్నం చేతుల్ని తినేయకుండా మా వారి మేజోళ్ళు రెండు చేతులకీ తొడుక్కుని, తాపీ పట్టాను. పూసినదాంట్లో సగం కప్పుకి అంటింది, పావు నాకు అంటింది, మిగిలిన పావు బల్ల పట్టుకున్న పాపానికి మా వారికి అంటింది. మూడో రోజుకి ఒక్క బొడిపె కనబడితే ఒట్టు. కప్పు జున్నుముక్కలా నున్నగా ఉంది. మెడ పట్టేసి తల దించలేకపోయినా, దించే అవసరం కూడా కనిపించలేదు. అంత గర్వంగా ఉంది మరి.

ఆదివారం పదకొండు దాటాక అత్తగారు దిగారు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా పడకగదిలోకి వెళ్ళి పైకి చూశారు.

“బాగానే ఉందే!” అన్నారు. తరవాత వేలెత్తి, “అమ్మాయ్, ఆ నల్లగీత ఏమిటి?”

“నీడండీ అత్తయ్యగారూ.”

“నీడ నడుస్తోందేమిటే?”

చూస్తే చీమలు! కిటికీ పైనుంచి ఒక బారు, దూలం పక్కనుంచి ఒక బారు, తలుపు మీదుగా మరో బారు. కొల్లేటికి వలస వచ్చే పక్షులు కూడా అంత క్రమశిక్షణతో రావు. పది నిమిషాల్లో నా జున్నుముక్క నువ్వుల ఉండ అయిపోయింది.

అత్తగారు మనవణ్ణి ఎత్తుకుని వసారాలోకి నడిచారు. “నా సంచీ ఇలా ఇయ్యి. మూడు గంటల బస్సుకి వీణ్ణి తీసుకుపోతున్నాను.”

“ఏవండీ, దులపండి! ఏదో ఒకటి చెయ్యండి!” అని అరిచాను. మా వారు వెదురుగడకి చీపురు కట్టి, రెండో చేత్తో గొడుగు తెరిచి, యుద్ధానికి వెళ్ళినట్టు గదిలోకి వెళ్ళారు. ఒకే ఒక్కసారి అలా తాకించారు.

బెల్లం ఎక్కువైతే సున్నం గట్టిపడదట. ఆ సంగతి నా కాలేజీ పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం నా పెట్టెలోనే ఉంది. నాలుగు రోజులుగా తడితడిగా వేలాడుతున్న ఆ పూత, తనతో నానిన పాత బొడిపెల్నీ, వెల్ల పొరల్నీ, చీమల్నీ కూడా వెంటబెట్టుకుని దబ్బున దిగింది. చప్పుడు అణిగాక చూస్తే, గది మధ్యలో మా వారు గొడుగు పట్టుకున్న సున్నపు బొమ్మలా నిలబడి ఉన్నారు.

“ప్రాణాలతోనే ఉన్నాను,” అంది బొమ్మ.

సరిగ్గా అప్పుడే వీర్రాజు గుమ్మంలోకి వచ్చాడు. కప్పుకేసి చూశాడు. మా ముఖాలు చూశాడు. మళ్ళీ కప్పుకేసి చూశాడు.

“ఎవరండీ కొట్టింది?”

“నేనే,” అన్నాను.

“ఏం పనండీ బాబూ! ఒక్క బొడిపె మిగల్లేదండి! ఇటికకి గీత పడలేదండి! ఉలెట్టి కొడితే నాకు మూడ్రోజులు పట్టేదండి. రేపే పూత మొదలెట్టేస్తానండి. ఇక పసోడి మీద రాలడానికేవీ లేదండి!”

అత్తగారు గదిలోకి వచ్చి, శుభ్రంగా బయటపడ్డ ఇటుకల్ని చాలాసేపు చూశారు. సంచీ కింద పెట్టి, బాబుని నా చేతుల్లో పెట్టారు. నేను వాణ్ణి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వాడు కేర్‌మన్నాడు.

“వీడు తల్లి దగ్గరే ఉంటాడు. నేనూ ఉంటాను. ఈ పిల్లని ఒంటరిగా వదిలితే రేపు గోడలకి పాయసం పోస్తుంది!”

ఆవిడ పూత ఆరేదాకా ఉన్నారు. బెల్లం స్వయంగా కొలిచి ఇచ్చారు. వెళ్ళిన పది రోజులకి ఉత్తరం వచ్చింది. భయం భయంగా విప్పాను. “మన వంటింటి కప్పు కూడా పెచ్చులు రాలుస్తోంది. ఇక్కడి మేస్త్రి కొట్టడానికే వారం పడుతుందంటున్నాడు. కోడల్ని పంపించు. బెల్లం సిద్ధంగా ఉంచాను.”

కనుక మీ అందరి ఎదుటా, ఒడిలో పిల్లవాణ్ణి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ పైకప్పుకీ పూత పూయను. కూల్చడం మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు.