ఆఖరి సీసా దాకా ఎర్రమందు

మా చిన్నప్పుడు... మా ఊరి ధర్మాసుపత్రి వరండాలో వరసలో నిలబడేది మనుషులు కాదు. సీసాలు.

కోడుమూరు దాటి పోతే మా ఊరు. ఆ ఎండలో నిలబడే ఓపిక ఎవరికుంటుంది? డాక్టరు చీటీ రాసిచ్చాక, ఆ చీటీ మీద ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసా పెట్టి, వేపచెట్టు నీడకు పోయి కూర్చునేవాళ్లు. ఆముదం సీసాలు, ఎంత కడిగినా వాసన పోని బ్రాందీ సీసాలు... మూత లేకపోతే మొక్కజొన్న బెండే బిరడా.

కాంపౌండర్ నాగన్న మొదటి సీసా నుంచి ఎర్రమందు పోసుకుంటూ వచ్చేవాడు. కాగితం ముక్కకు కత్తెరతో గంట్లు పెట్టి, గంజితో సీసాకు అంటించేవాడు. ఒక గంటు, ఒక పూట. చదువు రాని ముసలమ్మకు కూడా ఎంత తాగాలో తెలిసిపోయేది.

నాకు ఏడో తరగతి దాటి చదువు అంటలేదు గానీ, సీసాలు జరపడంలో డిగ్రీ చేశాను. ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకు... తర్వాత చెట్టుకింద జరిగే కొట్లాట చూస్తూ కూర్చోవడం. అంతకు మించిన సినిమా మా ఊర్లో లేదు.

ఒకరోజు నా జతగాడు మస్తాన్ వాళ్లమ్మకు మందు కోసం వచ్చాడు. మూడు రోజులుగా ఆమెకు జ్వరం. వాడి సీసా ఆఖరున ఉంది. అందరికంటే ముందు పెద్ద సేద్యం రెడ్డి సీసా. నాకు దూరపు వరసలో పెదనాయన ఆయన. ఎప్పుడొచ్చినా ఆయన జీతగాడు సీసాను తెచ్చి ముందే పెట్టేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

నేనూ అనలేదు. జరిపాను. ఆయనది ఆఖరుకు, మస్తాన్‌ది ముందుకు.

పెదనాయన వచ్చి చూసుకుని వరండా అదిరేట్టు అరిచాడు. ధర్మానికి పోసే నీళ్లకు వరస ఒకటా అన్నాడు. నాగన్న తలెత్తలేదు. మస్తాన్ సీసాలో మందు పోస్తూనే చెప్పాడు.

"ధర్మం గాదు పెద్దాయనా. ఈ పిల్లోని యమ్మ అగ్గిపెట్టె కొనింటాది. దాని పన్నులో నుంచి వచ్చిండాది ఈ మందు. సీసా యాడుంటే మనిషీ ఆడ్నే. భయపడొద్దు, ఆఖరి సీసాకూ ఇదే పోసేది."

పెదనాయన గొణుక్కుంటూ పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. ఆయన సీసా కూడా నిండింది. ఆఖరున అయినా నిండింది.

ఈ పని ఎవడిదో నాగన్నకు తెలుసు. నన్ను గదిలోకి పిలిచి, నీ జబ్బుకు మందు ఇదేనప్పా అంటూ ఏదో చేదు కషాయం ఒక గుక్క తాగించాడు. రెండు రోజులు అన్నం కూడా చేదే.

మొన్న ఎండాకాలం అదే మస్తాన్‌కు గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో వేసుకుని కల్లూరు దగ్గర ముందు కనబడిన ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. కార్డు ఉంటే ఉచితం అని గోడంత బోర్డు. కార్డు ఉంది. వేలిముద్ర పడాలన్నారు.

మస్తాన్ ముప్పై ఏళ్లు బండలకు పాలిష్ పట్టినవాడు. ఆ ఆసుపత్రిలో మనం నడిచే నేల ఉంది చూడండి, ముఖం కనబడేట్టు... అట్లాంటి నేలల మీదే వాడి వేలిముద్రలు అరిగిపోయాయి. బొటనవేలు పడలేదు. పది వేళ్లలో ఒక్కటీ పడలేదు. కౌంటరులోని అమ్మాయి పాపం తన చున్నీతోనే వాడి వేళ్లు తుడిచింది. వేలన్నా పడాలంట, లేకుంటే దుడ్లన్నా పడాలంట. ఆ పిల్ల చేతిలో ఏముంది?

ఇక నా పాత విద్య చూపించాను. మస్తాన్ చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని, మిషన్ మీద నా వేలు పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. "అన్నా, అది మీ వేలు" అంది ఆ అమ్మాయి మెల్లగా.

చెమటలో తడిసిపోయి కుర్చీలో వాలిపోయి ఉన్న మస్తాన్ నవ్వాడు.

"ఏందిరా... మళ్లీ సీసాలు జరుపుతాండావా?"

వాడు మాట్లాడిన ఆఖరి మాట అదే.

నేను మస్తాన్‌ను కానని మిషన్ కనిపెట్టింది. మస్తాన్ మస్తానే అని మాత్రం కనిపెట్టలేకపోయింది. సర్కారు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. మళ్లీ ఆటో ఎక్కించాను. కల్లూరు దాటకముందే నా భుజం మీద వాడి తల బరువెక్కిపోయింది.

నాగన్న దగ్గర ఉన్నది ఒట్టి ఎర్రనీళ్లే. ఆ నీళ్లతో బతికినవాళ్లు ఎందరో, పోయినవాళ్లు ఎందరో నాకు తెలియదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. డాక్టరు, మిషన్లు, చల్లటి గది... మస్తాన్‌కు పదడుగుల దూరంలో అన్నీ ఉన్నాయి, ఒక అద్దం తలుపు అవతల.

వాడు జీవితమంతా అగ్గిపెట్టె కొన్నాడు, సబ్బు కొన్నాడు, ఫోనుకు రీచార్జి వేయించాడు. పన్ను తీసుకునేటప్పుడు ఒక్కరూ వాడి వేలిముద్ర అడగలేదు.

మా కాలంలో జబ్బుతో ఆసుపత్రికి పోతే ముందు నాలుక చూపించమనేవాళ్లు. నువ్వెవరో చూపించమనేవాళ్లు కాదు.

మీ ఊర్లో కూడా సీసాలు వరసలో పెట్టేవాళ్లా? ఆఖరి సీసా ఎప్పుడైనా ఖాళీగా ఇంటికి పోయిందా? పోయుంటే చెప్పండి... అప్పుడూ ఇంతేనని తెలిస్తే, నాకు కాస్త నిద్రన్నా పడుతుంది.