పెనుకొండ తోటలో నా హోల్ ఇన్ వన్

నిన్న నేనొక రికార్డు కొట్టినా. అది గంటసేపు కూడా నిలబడలేదు. ఏం జరిగిందో చెప్తా, నవ్వుకుంటే నవ్వుకోండి.

హిందూపురంలో నేను టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసిన ఫ్యాక్టరీ వెనకాల చిన్న గోల్ఫ్ కోర్స్ ఉండేది. గడ్డి పేరుకే. ఎర్రనేల, గులకరాళ్ళు, నడుమ మేకలు. కుచ్చిళ్ళు దోపుకొని ఆడేదాన్ని. మేక పక్కకు పోయేదాకా ఆగల్ల, అదే మా రూలు. ఫ్యాక్టరీతోపాటే కోర్సూ మూతపడింది. ఇప్పుడు ఆడ ప్లాట్ల రాళ్ళు పాతినారు. బస్సులో ఆ పక్కన పోయినప్పుడల్లా మూడో హోల్, అదే బంతి పడల్సిన గుంత, యాడుండేదో కిటికీలోంచి వెతుక్కుంటా.

మొన్న ధర్మవరం నుంచి దేవదానం సార్ ఫోన్ చేసినాడు. మా ఫ్యాక్టరీ ఇంజనీరు, నాకు ఆట నేర్పింది ఆయనే.

"ఏమ్మా, వానలు నిల్చినాయి. పెనుకొండ దగ్గర రెడ్డెప్ప అని ఒకాయన తోటలో మూడు హోల్స్ వేసినాడంట. సీజన్ మొదలుపెడదామా?"

నిద్ర పడితే ఒట్టు. పొద్దున్నే అటక మీది స్టిక్ దించి, బంతికి గుర్తుగా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టి బస్సెక్కినా.

రెడ్డెప్ప బెంగుళూరులో గోల్ఫ్ మైదానంలో గడ్డి పెంచే పని చేసి వచ్చిన రైతు. మామిడి చెట్ల నడుమ పచ్చటి గడ్డి చూసి నాకు కండ్లు చెదిరినాయి. ఆయన, ఆయన పెండ్లాం లక్ష్మక్క, దేవదానం సార్ వరుసగా నిలబడినారు. మొదటి దెబ్బ నాదే. "ఈమె మా కోర్సులో ఛాంపియన్" అని సార్ చెప్పేసినాడు. ఇంక పరువు సమస్య.

ఊపిరి బిగబట్టి కొట్టినా. థప్ మని సప్పుడు. నలుగురం ఆకాశంలోకి చూసినాం. బంతి లేదు.

"చానా ఎత్తుకు పోయింది మేడమ్" అన్నాడు రెడ్డెప్ప.

చెట్ల కింద వెతికినాం, పాదుల్లో వెతికినాం. చివరికి సార్ జెండా పాతిన గుంత దగ్గరికి పోయి, లోపలికి వంగి చూసి, అట్లే కూలబడినాడు.

"అమ్మా, లోపలుండాది."

హోల్ ఇన్ వన్! ఒక్క దెబ్బకే గుంతలో. నేను బంతి తీయబోతే "తీయొద్దు, ఫోటో" అని ఆపినారు. ఫోటో మా పాత ఫ్యాక్టరీ కాలనీ వాట్సాప్ గ్రూపులోకి పోయింది. వరసగా ఫోన్లు. కొట్టినోళ్ళే అందరికీ తినిపించల్ల కదా, రోడ్డు మీది హోటల్ నుంచి బోండాలు, మైసూర్‌పాక్ తెప్పించినా. "గాలి ఎటు వీస్తాందో చూసుకొని కొట్టినా" అని రెడ్డెప్పకు పాఠం కూడా చెప్పినా.

నేను కొట్టిన చోట గడ్డి లేచిపోయింటే లక్ష్మక్క కాలితో సర్దుతా ఆగిపోయింది. మట్టిలో వేలుపెట్టి ఏందో పెరికింది.

"అక్కా, ఇది మీదేనా?"

తెల్లటి బంతి, ఎర్ర చుక్క.

మా హిందూపురం బండనేల మీద బంతి నెత్తిన కొట్టినా ఎగిరి దూకేది. ఈడ వాననేల మెత్తగుండి బంతి దిగిపోయింది. నేను దాని మీదే నిలబడి ఆకాశం చూస్తాంటి.

"మరి గుంతలోది?" అన్నాడు సార్.

రెడ్డెప్ప తల గోక్కున్నాడు. "పొద్దున నేను ఆడింది. తీసేది మరిచిపోయినా."

సార్ నవ్వు ఆపుకోలేక బోండా ముక్క గొంతుకు అడ్డంపడి నీళ్ళు తాగినాడు. నాకూ నవ్వాగలేదు. గ్రూపులో నిజం రాసేస్తి. ముందు మెచ్చుకున్నోళ్ళంతా మళ్ళా ఫోన్ చేసి, ఈసారి ఇంకా ఎక్కువసేపు మాట్లాడినారు.

పోతాంటే రెడ్డెప్ప గేటు దాకా వచ్చి చానా మర్యాదగా అన్నాడు, "వచ్చే ఆదివారం తప్పకుండా రాండి మేడమ్. మీరు కొడితే పైకి చూడం, తవ్వి చూస్తాం."