తాళం వేసిన సంచి

బొల్లారంలో మా ఇంటి వెనకే మందుల ఫ్యాక్టరీ. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, గ్యాస్ లీకైతే పట్టుకుని పరుగెత్తడానికని ఒక సంచి సర్దాను. నీళ్లు, తువ్వాళ్లు, టార్చిలైటు, చిన్నదాని ఆయాసానికి ఇన్‌హేలర్, బిస్కెట్లు. రెండు రోజుల్లో పిల్లలు బిస్కెట్లన్నీ తినేశారు. నాకు ఒళ్లు మండి, సంచిని ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఎక్కడ దాచినా కనిపెడతారని మా ఆయన చేతికిచ్చాను.

ఒక మధ్యాహ్నం ఘాటు వాసన ఇల్లంతా కమ్మింది. చిన్నదానికి ఊపిరి ఆడలేదు. తాళంచెవేమో డ్యూటీకి పోయిన ఆయన జేబులో ఉంది. నా కేకలు విని పక్కింటి ఆపా రోకలితో వచ్చి తాళం పగలగొట్టింది.

మందు పీల్చి పాప కుదుటపడ్డాక ఆపా నన్ను నిలదీసింది.

"సదువుకున్నవు గదా చెల్లె! గ్యాస్‌కు భయపడి పెట్టినవా గీ సామాను, పిల్లలకు భయపడా?"

"మరి బిస్కెట్లు తింటుంటే ఊకోవాల్నా?" అన్నాను, అప్పటికీ నోరు మూసుకోకుండా.

"తిననీ. బిస్కెట్లు దుకాన్ల దొరుకుతయ్. దమ్ము దొరుకుతదా?"

ఆ సాయంత్రమే సంచిని తలుపు పక్కన, పెద్దవాడికి అందేంత ఎత్తులో తగిలించాను. బిస్కెట్లు ప్రతి వారం మాయమయ్యేవి. తిట్టుకుంటూనే మళ్లీ నింపేదాన్ని.