మా చీరల కొట్టు వెబ్‌సైట్

సెంటు స్థలం కొన్నా రిజిస్ట్రేషన్ ఎవరి పేరునో పదిసార్లు చూసుకునే వంశం మాది. వెబ్‌సైట్లు కొత్తగా వస్తున్న రోజుల్లో, బెజవాడలోని మా మంగళగిరి చీరల కొట్టుకు మా పిన్ని కొడుకు సైటు తయారుచేశాడు.

"ఎవరి పేరున రిజిస్టర్ చేయించావురా?" అని అడిగాను.

"నా పేరునే అక్కా. నువ్వూ నేనూ వేరా?" అన్నాడు.

సొంతవాడే కదా అని ఊరుకున్నాను.

ఏడాది తిరక్కుండా వాడు వేరే కొట్టు పెట్టాడు. మా సైటు తెరిస్తే, మా చీరలు కట్టుకుని నేను దిగిన ఫొటోలే ఉన్నాయి, కింద మాత్రం వాడి ఫోన్ నంబరు ఉంది. మా ఖాతాదార్లంతా వాడికే ఫోన్ చేస్తున్నారు. వెళ్ళి నిలదీశాను.

"సైటు నా పేరునే ఉందిగా అక్కా," అన్నాడు.

"ఫొటోలో మొహం కూడా నీదేనట్రా?" అన్నాను.

మర్నాటికి ఆ ఫొటోల్లో నా తల కత్తిరించేశాడు. చీరలు మాత్రం ఉంచుకున్నాడు.