మొహం తోడు రాని ఎకసెక్కాలు

ఆ ఆదివారం పొద్దున నాకు ఈల రాలేదు. నా జబ్బు నాకు తెలిసింది అక్కడే.

మేం మార్కాపురంలో పాత జీపులున్న నలుగురం. ఆదివారం వస్తే గుండ్లకమ్మ ఇసుకలోకో, కొనకనమిట్ల వైపు గుట్టల బాటల్లోకో తోలుకుపోతాం. అడవిలోకి మాత్రం కాదు, దోర్నాల చెక్‌పోస్టు వాళ్లకు మా మొహాలంటే నమ్మకం లేదు. మేం పొద్దంతా జీపులు నడుపుతామని మా ఇళ్లలో ఆడవాళ్లు అనుకుంటారు. నిజానికి నడిపేది గంటసేపు. తర్వాత ఒకడు మడుగులో గాలం వేసుకుని కూర్చుంటాడు, ఒకడు పొయ్యి మీద మాంసం పెడతాడు, మిగిలిన ఇద్దరం పలకరాతి బండ మీద బలపంతో గీతలు గీసి పులిమేక ఆడతాం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టూ చేరి కదలనీయకపోతే పులి చచ్చినట్టు. ఈ ఆటలో సగం గెలుపు చేతిది, సగం నోటిది. ఎదుటివాణ్ని మాటలతో ఉడికించలేనివాడు ఇంట్లో కూర్చుని టీవీ చూసుకోవడం మేలు.

నాతో ఆడేది గురవయ్య. నా భార్య రమణమ్మకు తమ్ముడు. కొనకనమిట్ల పక్క పల్లెలో సేద్యం, గొర్రెలు. పెళ్లినాటి నుంచీ మేమిద్దరం ఒకర్నొకరు తిట్టుకోకుండా పలకరించుకున్నది లేదు. వాడికి నేను మర్యాదగా మాట్లాడితే ఇంట్లో ఎవరో పోయారనుకుంటాడు.

ఆ పొద్దు వాడి మేకను కొట్టి, అలవాటు ప్రకారం ఈల వేద్దామని పెదాలు ముడిచాను. గాలి కుడిపక్క నుంచి తుస్సుమంది. పంక్చరైన ట్యూబు మాదిరి.

"ఏంది బావా, ఇదేం కొత్త వేషం?" అన్నాడు గురవయ్య.

మళ్లీ ప్రయత్నించాను, మళ్లీ తుస్సు. వాళ్లంతా నవ్వారు. వాళ్ల తప్పు లేదు, అంతకు ముందు వారమే పళ్లులేని ముసలాయన మాట్లాడినట్టు మాట్లాడి వాళ్లను పొట్టలు పట్టుకునేట్టు చేశాను. వాళ్లు నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. నా మూతి ఎడమపక్కకు మాత్రమే పోయింది. దానికి ఇంకా నవ్వారు. నీళ్లు తాగితే కుడి మూల నుంచి చొక్కా మీదికి కారాయి. అదీ నవ్వే.

ఆ పొద్దు గాలం పక్కన పెట్టి పొయ్యి ఊదుతున్న ఖాదర్ ఒక్కడే నవ్వు ఆపాడు. లారీ మెకానిక్, పొగలోనే పుట్టి పెరిగినవాడు. "మామా, పొగంతా నీ మీదికే వస్తాంది. నీ కుడికన్ను మూసుకోవడం లేదు, చూసుకున్నావా?" అన్నాడు.

మూతి వంకర ఎవడైనా పెట్టగలడు. పొగలో కన్ను తెరిచి పెట్టి నటించేవాణ్ని నేనింతవరకు చూడలేదు. లేచిపోయి జీపు అద్దంలో చూసుకున్నాను. ఎడమ సగం నాది. కుడి సగం ఎవరిదో, నిద్రపోతున్న మనిషిది, కన్ను మాత్రం తెరుచుకుని ఉంది.

"పచ్చవాతం" అన్నాడు గురవయ్య. వాడి గొంతులో ఎకసెక్కెం లేదు. మార్కాపురం దాకా వాడే జీపు తోలాడు. కుడి చెవిలో సైలెన్సర్ మోత సుత్తితో కొట్టినట్టు ఉంది. పాత జీపు గదా అనుకున్నాను. ఆ మోత కూడా జబ్బులో భాగమేనని తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్లు గట్టిగా మూయమంది, పళ్లు చూపించమంది, బుగ్గలు ఊదమంది, రెండు చేతులూ పైకెత్తమంది. కనుబొమలు ఎత్తమంది. చెవి లోపల లైటు వేసి చూసింది. బీపీ, షుగర్ పరీక్ష చేయించింది. అప్పుడు చెప్పింది, "భయపడకండి. చేతుల్లో కాళ్లలో బలం బాగుంది. కుడివైపు నుదురు కూడా ముడత పడటం లేదు, అది ఒక రకంగా మంచి గుర్తు."

"ముడతలు పడకపోతే మంచిదే గదా మేడమ్, దానికోసం ఆడవాళ్లు క్రీములు కొంటారు" అన్నాను.

ఆమె నవ్వలేదు. నిజంగా అడిగాననుకుని ఓపికగా జవాబు చెప్పింది. మెదడులో స్ట్రోక్ అయితే మామూలుగా నుదురు కదులుతుందట, కింది సగమే పడిపోతుందట. నుదురుతో సహా ఒక పక్కంతా పడిపోతే ఎక్కువగా నరంలో తేడా. "ఫేషియల్ నెర్వ్ అని ఒకటుంటుంది. చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగంలోంచి వస్తుంది. అది వాచి అక్కడ నొక్కుకుపోయింది. బెల్స్ పాల్సీ అంటారు. మొదటి రోజే వచ్చారు, చాలా మంచిది. మూడు రోజుల్లోపల స్టెరాయిడ్ మొదలుపెడితే బాగా పనిచేస్తుంది."

నేను ఎనిమిదితో బడి మానేసినవాణ్ని గానీ, నాకున్నది ఆటో ఎలక్ట్రికల్ దుకాణం. రేకు కన్నంలో వైరు నలిగితే లైటు ఎందుకు వెలగదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బల్బు బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది, మధ్యలో వైరు నలిగింది. అంతే.

ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాసింది, వరసగా తగ్గిస్తూ పోవాలంది. షుగర్ బార్డర్‌లో ఉంది, ఈ మాత్రలతో పెరుగుతుంది, తీపి ముట్టుకోవద్దంది. పగలు కంట్లో చుక్కలు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మూసి టేపు వేయాలంది. "మూతి సంగతి తర్వాత చూద్దాం. ముందు కన్ను కాపాడుకోండి. దుమ్ములో తిరగొద్దు, బండి నడపొద్దు, కంట్లో ఏ పసరూ పోయొద్దు."

మొదటి వారం నాకు జబ్బు కంటే భోజనం ఎక్కువ బాధ పెట్టింది. కుడి బుగ్గలో అన్నం ఇరుక్కుపోతే వేలితో తీసుకోవాలి. నాలుకకు రుచి సరిగా లేదు. రమణమ్మ పప్పులో ఉప్పు వేయలేదన్నాను, ఆమె వేసింది, ఇంకా లేదన్నాను, ఇంకా వేసింది. తర్వాత ఆమె తిని, కంచం నా ముందు పెట్టి, "ఇది నువ్వే తిను, సముద్రం" అంది.

బండి నడపొద్దన్నారు గానీ ఎక్కొద్దనలేదు గదా అని, రెండో వారం గురవయ్య నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి వచ్చాడు. వాడు స్టీరింగ్ దగ్గర, నేను ఎడమ సీట్లో. తిరిగి వచ్చేటప్పుడు సీటు కింద నుంచి ఒక సీసా తీసి నా ఒళ్లో పెట్టాడు. ఆకుపచ్చటి పసరు. దోర్నాల అవతల ఒక గూడెంలో ఉండే ముసలామె ఇస్తుందట. సేద్యం పని వదిలి పోయి, ఆమె ఆకు కోసుకొచ్చేదాకా పొద్దంతా కూర్చుని తెచ్చాడు.

నేను సీసా ఎత్తి వెలుగులో చూసి, "ఇది తాగితే ఆ మిగిలిన ఎడమపక్క గూడా కుడిదానికి తోడు పోతాది. మీ అక్క మెడలో పుస్తెలు తీయించేదాకా నీకు నిద్ర పట్టేట్టు లేదే" అన్నాను.

మేం మాట్లాడుకునే పద్ధతికి అది చిన్న మాట. వాడు ఇంతకంటే పెద్దది విసురుతాడని ఎదురుచూశాను. వాడు జీపు పక్కకు ఆపి నా వైపు ఒకసారి చూసి, మళ్లీ గేరు వేశాడు. ఇంటి ముందు దించి, లోపలికి రాకుండా పోయాడు. ఆ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రమణమ్మకు సంగతి తెలిసింది. "ఏమన్నావు నా తమ్ముణ్ని?"

"ఎకసెక్కానికి అన్నా."

"నీ మొహం చూసుకున్నావా? ఎకసెక్కెం ఆడేవాడి మొహమా అది? తీర్పు జెప్పే జడ్జి మొహం."

ఆమె వంటింట్లోకి పోయాక అద్దం ముందు నిలబడ్డాను. ఎట్లాగూ డాక్టరమ్మ చెప్పిన ఎక్సర్‌సైజులు అక్కడే చేయాలి. అదే మాట అదే గొంతుతో అద్దానికి చెప్పాను. కుడివైపు తిరిగి చూసుకుంటూ చెప్పాను, జీపులో వాడికి కనిపించింది ఆ పక్కే. చెంప కదల్లేదు, కన్ను నవ్వలేదు, పెదవి మూల లేవలేదు. ఆ మాట అన్నవాడు నాకెవరైనా అయితే నేనూ గడప తొక్కేవాణ్ని కాదు.

అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నేను నోటితో తిట్టి మొహంతో ఆ తిట్టును వెనక్కి తీసుకునేవాణ్నని. మాట వెంటే మొహం పోయి, "వీడు ఉత్తుత్తికే అంటాన్నాడులే" అని చెప్పొచ్చేది. ఇప్పుడు మాట ఒంటరిగా పోతోంది. పిల్లనిచ్చిన ఇంటితో సంబంధం అట్లా తెగేట్టుందని భయం పట్టుకుంది. మూతి బాగవుతుందా లేదా అన్న భయం కంటే అదే పెద్దదైంది.

అందుకే బుద్ధిలేని పని ఒకటి చేశాను. నల్లద్దాలు పెట్టుకుని, నేనే జీపు తోలుకుని గురవయ్య ఊరు పోయాను. నా జీపుకు పక్కలు మూత ఉండవు. నల్లద్దాల సందుల నుంచి దుమ్మంతా కంట్లోకే. పోయేసరికి వాడు గొర్రెల వెంట ఎటో పోయి ఉన్నాడు. వాడి భార్య మంచినీళ్లిచ్చింది, వాటిలో సగం నా చొక్కా తాగింది, తిరిగి వచ్చాను.

మరుసటి పొద్దుకు కన్ను నిప్పుకణిక. వెలుతురు చూడలేను, లోపల ఇసుకపోసి రుద్దినట్టుంది. ఒంగోలులో కంటి డాక్టరు ఏదో పసుపు రంగు మందు వేసి నీలం లైటులో చూశాడు. "కార్నియా మీద, అంటే నల్లగుడ్డు పైపొర మీద, గీతలు పడినాయి. ఎక్స్‌పోజర్ కెరటైటిస్, రెప్ప మూతపడకపోతే వచ్చేది. ఇది పుండైతే చూపు పోతుంది. బండి నడపొద్దని చెప్పినారా లేదా?"

"చెప్పినారు సార్."

"మరి?"

మరి ఏమని చెప్పను? బామ్మర్ది అలిగాడని చెప్పాలా? 

యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చి, పగలు కూడా రెప్ప మూసి టేపు వేయమన్నారు. చీకటి గదిలో పడుకున్నాను. మూడోరోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. రమణమ్మ ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది. గురవయ్య.

"కన్ను పోగొట్టుకుంటాండావంట గదా బావా."

నేను వాణ్ని పిలవబోయాను. పెదాలు కలవందే 'బ' రాదు, 'మ' రాదు, 'ప' రాదు; జబ్బు వచ్చిన నాటి నుంచీ నా మాట ఇట్లాగే ఉంది, ఇంతవరకు మీకు సరిచేసి చెప్పాను. "వావ్వర్దీ" అని వచ్చింది. అది విని వాడు ఆగిపోయాడు. నేనాగలేదు. "నీ వసరు తాగకుండానే ఒక కన్ను వోయేట్టుంది. తాగుంటే రొండూ వోయి, నిన్ను సూడాల్సిన వనే ఉండేది కాదు" అన్నాను.

అవతల వాడు పకపకా నవ్వాడు. కడుపులోంచి వచ్చిన నవ్వు. గొర్రెలు కూడా అరిచాయి.

 నవ్వు ఆగాక అడిగాడు, "ఆ పొద్దు జీపులో గూడా ఇట్లనే అన్నావా?"

"ఇట్లనే."

"నాకు అట్ల ఇనపళ్లేదు బావా. నువ్వు నన్ను కొట్టినట్టుండె."

ఫోన్లో నాకు మొహం లేదు. గొంతు ఒక్కటే పోయింది, దాంట్లో ఉన్న నవ్వు వాడికి చేరింది. అంత చిన్న సంగతి.

కన్ను మానాక ఆదివారం వచ్చి హారన్ కొట్టాడు, ఈసారి తన జీపుకు పైన టాపు, పక్కలకు పరదాలు వేయించుకుని. నేను ముందు సీటు ఎక్కబోతే, "ఎనక కూచో. నీ మొహం నాకొద్దు, గొంతు చాలు" అన్నాడు. అట్లా వెనక కూర్చుని, వాడి వీపుకు తిట్లు చెబుతూ వాగు దాకా పోయాం. బండ దగ్గర వాడు నాకు ఎడమపక్కగా కూర్చున్నాడు, కదిలే సగం కనిపించేట్టు.

నడపకుండా పోయిన ఆ నెలల్లో మా ఆదివారాలను మొదటిసారి సరిగా చూశాను. అంతకుముందు ఎవడు ఏ గుట్ట ఎక్కాడన్నదే నా లెక్క. ఖాదర్ గాలం వేసి చేపలు పట్టడనీ, ఎర కూడా గుచ్చడనీ, ఊరికే నీళ్లు చూస్తాడనీ అప్పుడే కనిపెట్టాను. అడిగితే, "వారమంతా ఇంజను మోతే గదా మామా, ఈడ ఎవరూ పిలవరు" అన్నాడు. ఆ మాట మీద ఎకసెక్కెం ఆడాలనిపించలేదు. పొయ్యి దగ్గర ఉల్లిపాయలు కోశాను, నా కుడికన్ను ఎట్లాగూ కారుతూనే ఉంటుంది గదా అని. పులిమేకలో వరసగా గెలిచాను. నా మొహం చూసి నా ఎత్తు ఎవరికీ అంతుపట్టడం లేదు. అయినా ఆ గెలుపులో ఉప్పు లేదు. ఉడికించకుండా గెలవడం బడి పరీక్షలో పాసైనట్టు ఉంటుంది, ఆ సంగతి నాకు విని తెలుసు.

మెల్లగా వచ్చింది. ముందు రుచి, తర్వాత ముక్కు పక్కన చిన్న కదలిక. ఒకరోజు రమణమ్మ నేను నీళ్లు తాగుతుంటే చూసి, "చొక్కా తడవలేదు" అంది. ఆమె ఏడ్చింది గానీ, ఉల్లిపాయలని చెప్పమంది. నెలలు పట్టింది గానీ కన్ను పూర్తిగా మూసుకుంది.

ఇప్పుడు జీపు నేనే నడుపుతున్నాను, ముక్కు పక్కల సందు లేని కళ్లద్దాలు పెట్టుకుని. ఒక్క తేడా మిగిలింది. నేను నవ్వితే కుడికన్ను దానంతట అదే మూసుకుంటుంది. డాక్టరమ్మ దీన్ని సింకైనేసిస్ అంది, నరం తిరిగి పెరిగేటప్పుడు కొన్ని తీగలు పక్కచోట అతుక్కుంటాయట. హారన్ నొక్కితే వైపర్ ఆడే బండ్లు నా దుకాణానికి వస్తుంటాయి, విప్పి సరిచేస్తాను. దీన్ని విప్పే వీల్లేదట. దానివల్ల ఇప్పుడు ఎవరికి మర్యాదగా నమస్కారం పెట్టినా కన్ను కొట్టినట్టుంటుంది.

"అప్పుడు ఎకసెక్కెం ఆడినా నిజం జెప్పినట్టుండె. ఇప్పుడు నిజం జెప్పినా ఎకసెక్కెం ఆడినట్టుంది. నడిమధ్య మొహం యాడా దొరకలేదా బావా నీకు?" అంటాడు గురవయ్య.

మూతి వంకరైతే ఇది స్ట్రోకా, నరమా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకుండా ఆరోజే ఆసుపత్రికి పోవాలని, కన్ను కాపాడుకోవాలని మీకు డాక్టర్లే చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటి నేను చెబుతాను. ఇట్లాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆయన అన్న మాట మిమ్మల్ని నొప్పిస్తే, జీపు ఆపండి గానీ వెళ్లిపోకండి. "ఏమన్నావు?" అని ఒక్కసారి అడగండి. అడిగేటప్పుడు ఆయన మొహం వైపు చూడకండి.