పాపం అనే మాటకి రెండర్థాలు

నా చిన్నప్పుడు, మేము మసాచుసెట్స్‌లో అద్దెకున్న ఇంట్లో, ఒక చలికాలం మా అమ్మ మంచం దిగలేదు. చెల్లెలు పుడుతుందని ఉయ్యాల కొని ఉంచారు. చెల్లెలు చనిపోయి పుట్టింది. కడుపుతో ఉండగా అమ్మ ఒకరోజు వంకాయలు తరిగింది. అది గ్రహణం రోజని సాయంత్రం టీవీ చెబితేగానీ తెలియలేదు. ఆ దేశంలో పంచాంగం చూసి చెప్పేవాళ్ళెవరు? అదే తన పాపమని అమ్మ నమ్మింది. నాన్నగారు ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మా పక్కింటి అమెరికన్ ఆంటీ రిటైరైన టీచర్. యూనిటేరియన్ చర్చికి వెళ్ళేది. దేవుడు ఒక్కడే, ఆయన ఎవరినీ నరకంలోకి తోయడు అని ఆవిడ నమ్మకం. మధ్యాహ్నాలు వచ్చి, అమెరికాలో తొలితరం రచయిత్రి ఒకావిడ రాసిన పాత నవల అమ్మకి చదివి వినిపించేది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగులో చెప్పడం నా పని. నా తెలుగూ అంతంతమాత్రమే.

ఆ నవలలో పెళ్ళి కాకుండా తల్లయిన అమ్మాయి చివరికి బిడ్డతో సహా చనిపోతుంది. "అంతా ఆ పిల్ల పాపమేనా? అడుగు," అంది అమ్మ. నాకు తెలిసిన పాపం ఒక్కటే, దెబ్బ తగిలినవాళ్ళని చూసి జాలిగా అనేది. ఆ అర్థంతోనే ఆంటీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆ మాట మా ఇంట్లో విని విని ఆంటీకీ వచ్చేసింది. అమ్మ చెయ్యి పట్టుకుని, "యెస్, పాపం," అంది. అమ్మ గోడవైపు తిరిగిపోయింది.

సాయంత్రం నాన్నగారు రెండో అర్థం చెప్పారు. మర్నాడు నేను ఆంటీకి చెబితే ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది. తర్వాత అమ్మ పక్కన కూర్చుని, ఒక్కో మాటా నిదానంగా నాచేత చెప్పించింది. ఆ కాలంలో ఆడది నవల రాస్తే పాస్టర్లు ఊరుకునేవాళ్ళు కాదట. వాళ్ళకి జడిసే రచయిత్రులు కథ చివర్లో అలాంటి అమ్మాయిల్ని చంపేసేవాళ్ళట.

"ఆ చావు రాసింది దేవుడు కాదు, భయపడ్డ మనుషులు. నీ తప్పేమీ లేదమ్మా."

అమ్మ అంతా విని, "ఆవిడ మంచిది కాబట్టి అలా అంటోంది," అని నాతో అంది. ఆ మాట ఆంటీకి ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ ఆ మర్నాడూ వచ్చి అదే చెప్పింది. ఆ చలికాలమంతా చెబుతూనే ఉంది. అమ్మ నమ్మలేదు. పోయేదాకా ఆ పాపం మోసింది.

ఇప్పుడు ఏ ఇంట్లో అలాంటి కష్టం వచ్చినా వెళతాను. ఎలా జరిగిందని అడగను. నీ తప్పు లేదమ్మా అంటాను. నమ్మరని వాళ్ళ ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. అయినా మర్నాడు మళ్ళీ వెళతాను.